చార్జ్ 100 చూపిస్తుంది సరే, లోపల పూడిక ఎంత? ఎలక్ట్రిక్ లారీ బ్యాటరీ అరుగుదలను లెక్కేయడం ఎలా

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో సెట్టింగ్స్ ఓపెన్ చేసి, బ్యాటరీలోకి వెళ్లండి. ఐఫోన్ అయితే 'బ్యాటరీ హెల్త్' అని ఉంటుంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్నింటిలో కూడా ఇప్పుడు వస్తోంది. అక్కడ 91 శాతం అనో, 84 శాతం అనో ఒక నంబర్ కనిపిస్తుంది. కనిపించిందా? అది మీ చార్జ్ శాతం కాదు. ఫోన్ కొన్నప్పుడు బ్యాటరీలో ఎంత కరెంట్ పట్టేదో, అందులో ఇప్పుడు ఎంత పడుతోందో చెప్పే నంబర్ అది.

ఇప్పుడు ఇదే ప్రశ్న ఫోన్‌కి కాకుండా, 55 టన్నుల సిమెంట్ లారీకి వేసుకుందాం. ఫోన్ బ్యాటరీ పోతే రెండు, మూడు వేలు పెట్టి మార్పిస్తాం. లారీ బ్యాటరీ పోతే? అక్కడే కథంతా ఉంది.

మా మామకి వచ్చిన డౌటు

మాది యాడికి. అనంతపురం జిల్లా, తాడిపత్రి పక్కన. మా వైపు గురించి తెలిసినోళ్లకి చెప్పక్కర్లేదు, వాన తక్కువ, రాయి ఎక్కువ. మా మండలంలోనే బోయరెడ్డిపల్లి దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది. తాడిపత్రి చుట్టూ ఇంకా సిమెంట్ ఫ్యాక్టరీలు, నాపరాయి పాలిష్ యూనిట్లు ఉన్నాయి. అందుకే మా ఊర్లో ఏ వీధికి పోయినా లారీ ఓనరో, డ్రైవరో, క్లీనరో కనిపిస్తాడు. మా మామ కూడా లారీ మీదే బతికిన మనిషి.

మొన్న ఆయన ఒక ఎలక్ట్రిక్ లారీ చూసొచ్చాడు. డీజిల్ ఖర్చు లేదంటే నచ్చింది. షోరూంలో ఒకాయన "బ్యాటరీ గురించి అసలు ఆలోచించొద్దు సార్, పదేళ్లు తిరుగుతుంది" అన్నాడంట. బయటికొచ్చి టీ తాగుతుంటే ఇంకొక డ్రైవర్ "మన ఎండకు మూడేండ్లకే చేతులెత్తేస్తాది అన్నా, నమ్మొద్దు" అన్నాడంట. మామ ఇంటికొచ్చి నన్ను అడిగాడు: "ఏమప్పా, నువ్వు వీడియోలు చేస్తావు కదా, ఇద్దరిలో ఎవురు చెప్పింది నిజం?"

నేను చెప్పింది ఏందంటే, "మామా, ఇద్దరూ కొలవకుండా చెప్పినారు." పదేళ్లు అన్నా, మూడేళ్లు అన్నా అది అంచనానే. అంచనా వేయడం తప్పు కాదు. కానీ దానికో పద్ధతి ఉంది. ఆ పద్ధతే ఈరోజు మన టాపిక్.

ముందు చెరువు లెక్క అర్థం చేసుకుందాం

రాయలసీమలో పుట్టినోళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. శింగనమల చెరువు లాంటి పాత చెరువు ఒకటి ఊహించుకోండి. కట్ట ఎత్తు అంతే ఉంది, అలుగు అక్కడే ఉంది. మంచి వాన పడి అలుగు పారితే "చెరువు నిండింది" అంటాం. కానీ అడుగున పూడిక చేరింది కదా? కాబట్టి నిండు చెరువే, కానీ నీళ్లు మాత్రం వెనకటి అంత లేవు. వెనకటికి రెండు కార్లు పండిన ఆయకట్టుకి ఇప్పుడు ఒక కారే అందుతుంది.

బ్యాటరీ కూడా అంతే. డాష్‌బోర్డ్ మీద 100 శాతం అంటే 'అలుగు దాకా నిండింది' అని మాత్రమే అర్థం. దీన్ని ఇంజినీర్లు 'స్టేట్ ఆఫ్ చార్జ్', పొట్టిగా ఎస్‌ఓసీ అంటారు. లోపల పూడిక పోగా ఎంత చోటు మిగిలిందో చెప్పేది వేరే నంబర్. దాని పేరు 'స్టేట్ ఆఫ్ హెల్త్', ఎస్‌ఓహెచ్. కొత్తప్పుడు 300 యూనిట్లు పట్టిన బ్యాటరీ ఇప్పుడు 270 పడుతుంటే ఎస్‌ఓహెచ్ 90 శాతం. యూనిట్ అంటే మన కరెంట్ బిల్లులో వచ్చే యూనిటే, అంటే ఒక కిలోవాట్ అవర్. మామూలుగా 80 శాతానికి దిగితే ఆ బండికి బ్యాటరీ పాతబడినట్టు లెక్కేస్తారు. అంటే చచ్చిపోయినట్టు కాదు. లాంగ్ ట్రిప్పుకి పనికిరాకపోయినా, దగ్గరి ట్రిప్పులకో, సోలార్ కరెంట్ నిల్వ చేసుకోవడానికో పనికొస్తుంది.

పూడిక రెండు దారుల్లో వస్తుంది

మొదటిది వయసు. బండి కదలకపోయినా బ్యాటరీ పాతబడుతుంది. ఎందుకు? మన బోరు నీళ్లు కాచిన గిన్నె చూడండి, అడుగున తెల్లగా పొర కడుతుంది. లిథియం బ్యాటరీ లోపల కూడా ఒక ఎలక్ట్రోడ్ మీద సన్నటి పొర పెరుగుతా ఉంటుంది. ఆ పొర కట్టడానికి కొంత లిథియం ఖర్చయిపోతుంది. అలా ఖర్చయిన లిథియం మళ్లీ కరెంట్ మొయ్యడానికి రాదు. ఇందులో ఒక మంచి విషయం ఉంది. పొర మందం అయ్యేకొద్దీ, కొత్త పొర కట్టడం నెమ్మదిస్తుంది. అందుకే మొదటి ఏడు ఎక్కువ పోయి, తర్వాత స్పీడు తగ్గుతుంది.

రెండోది వాడకం. చార్జ్ ఎక్కినప్పుడు, దిగినప్పుడు ఎలక్ట్రోడ్ లోపలి పదార్థం కొద్దిగా ఉబ్బి, కొద్దిగా ముడుచుకుంటుంది. వేలసార్లు ఇలా జరిగితే సన్న పగుళ్లు వస్తాయి. పగులు వచ్చిన చోట మళ్లీ కొత్త పొర. ఫుల్‌గా ఒకసారి ఖాళీ చేసి నింపితే ఒక సైకిల్. సగం సగం రెండుసార్లు నింపినా లెక్కలో ఒక సైకిలే, కానీ బ్యాటరీ మీద ఒత్తిడి తక్కువ పడుతుంది.

ఫోన్‌లో దీనికి ఉదాహరణ ఉంది. యాపిల్ కంపెనీ తన లెక్కలో ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్ల దగ్గర 80 శాతం నిలుస్తుందని చెప్తుంది, 15 నుంచి 1000 సైకిళ్లు అంటుంది. అదీ మంచి పరిస్థితుల్లో వాడితేనే. లారీల్లో ఎక్కువగా వచ్చే ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఇంకా చాలా ఎక్కువ సైకిళ్లు తట్టుకుంటాయి.

ఈ రెండు దారులనూ తొందరపెట్టేది ఒకటుంది. అదే ఎండ.

ఎండ మాట ఉత్త భయం కాదు

కెమిస్ట్రీలో ఒక మోటు లెక్క ఉంది: వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెండింతలు అవుతుంది. అన్ని బ్యాటరీలకీ కచ్చితంగా ఇదే నంబర్ రాదు, కానీ దిక్కు మాత్రం ఇదే. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలు వేసుకోండి. ఆ నాలుగు నెలలు బ్యాటరీ రెండింతల వేగంతో పాతబడితే, నాలుగు నెలలు ఎనిమిది నెలల లెక్కకి వస్తాయి. మిగతా ఎనిమిది కలిపితే 16. అంటే క్యాలెండర్‌లో ఒక ఏడు, బ్యాటరీకి ఏడాదీ నాలుగు నెలలు.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదు. అమెరికాలో అరిజోనా అని ఎడారి రాష్ట్రం ఉంది. 2012లో అక్కడ ఫీనిక్స్ చుట్టుపక్కల నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కార్ల ఓనర్లు ఒకే కంప్లయింట్‌తో బయటికొచ్చారు. కారు కొని రెండేళ్లు కూడా కాలేదు, డాష్‌బోర్డ్‌లో బ్యాటరీ సామర్థ్యం చూపించే గీతలు ఒకటొకటిగా మాయమవుతున్నాయి. ఆ కారు బ్యాటరీకి నీళ్లతో చల్లబరిచే లిక్విడ్ కూలింగ్ లేదు. చివరికి కంపెనీ వారంటీ మార్చింది: 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్ల లోపు 12 గీతల్లో 9 కంటే తగ్గితే బాగుచేస్తాం అని. చల్లటి ఊర్లలో అదే కారు అంత త్వరగా పాతబడలేదు. కారు ఒకటే, కంపెనీ ఒకటే, తేడా ఎండ.

మరి టీ కొట్టు దగ్గర డ్రైవర్ చెప్పిందే నిజమా? కాదు. లీఫ్ పాత తరం కారు. ఇప్పుడొచ్చే పెద్ద లారీల్లో, బస్సుల్లో బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ పెడుతున్నారు. కెనడాకి చెందిన జియోటాబ్ అనే కంపెనీ వేల ఎలక్ట్రిక్ వాహనాల డేటా చూసి, 2024లో సగటున ఏడాదికి 1.8 శాతం తగ్గుతోందని చెప్పింది. అంతకుముందు ఇదే కంపెనీ లెక్క 2.3 శాతం. కానీ అవి ఎక్కువగా కార్లు, చిన్న వ్యాన్లు. సిమెంట్ లారీలు కావు, యాడికి ఎండా కాదు. ఆ నంబర్‌ని తెచ్చి మన లారీకి తగిలించలేం.

మన తెలుగు నేల మీద కూడా పెద్ద బ్యాటరీ బండ్లు తిరుగుతున్నాయి. 2019లో హైదరాబాద్‌లో ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులను ఎయిర్‌పోర్ట్ రూట్లలో దింపింది. 2022 సెప్టెంబర్‌లో తిరుమల ఘాట్ మీద ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ నుంచి కరెంట్ జోరుగా పోతుంది, దిగేటప్పుడు బ్రేక్ శక్తితో కొంత తిరిగి ఎక్కుతుంది. కొండ దారిలో బ్యాటరీకి రెండు వైపులా పని ఉంటుందన్నమాట.

కిలోమీటర్ మీటర్‌ని ఎందుకు నమ్మకూడదు

డీజిల్ లారీ కొనేటప్పుడు మనం ముందు ఏం చూస్తాం? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని. బ్యాటరీకి ఆ లెక్క సగమే చెప్తుంది.

ఉదాహరణకి 300 యూనిట్ల బ్యాటరీ ఉన్న రెండు లారీలు అనుకుందాం. రెండూ 5 లక్షల కిలోమీటర్లు తిరిగాయి. మొదటిది పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. సగటున కిలోమీటర్‌కి 1.5 యూనిట్లు తాగింది. మొత్తం 7 లక్షల 50 వేల యూనిట్లు. 300తో భాగిస్తే 2500 సైకిళ్లు. రెండోది రెండు వైపులా లోడుతోనే తిరిగింది, కిలోమీటర్‌కి 2 యూనిట్లు. మొత్తం 10 లక్షల యూనిట్లు, అంటే 3300 సైకిళ్లకి పైనే. కిలోమీటర్లు ఒకటే, బ్యాటరీ చేసిన పని మాత్రం ఒకటి కాదు.

కాబట్టి అడగాల్సింది "ఎన్ని కిలోమీటర్లు?" అని ఒక్కటే కాదు. ఎన్ని యూనిట్లు మింగింది, ఎన్నేళ్లయింది, ఎంత ఎండలో నిలబడింది, ఫుల్ చార్జ్‌తో ఎంతసేపు నిలబడింది. ఈ నాలుగూ అడగాలి.

సరే, కొలవడం ఎలా?

ఇక్కడ జాగ్రత్తగా వినండి. చెరువులో పూడిక ఎంతుందో తెలియాలంటే ఒక దారి ఉంది. చెరువు అడుగంటినప్పుడు మొదలుపెట్టి, నిండేదాకా ఎన్ని నీళ్లు వచ్చాయో కొలవడం. బ్యాటరీకి కూడా అదే పద్ధతి.

బండిని 10 శాతం దగ్గరికి దిగనివ్వండి. చార్జర్‌కి పెట్టి 100 దాకా నింపండి. చార్జర్ రసీదులోనో, యాప్‌లోనో ఎన్ని యూనిట్లు ఎక్కాయో వస్తుంది. అది రాసుకోండి. బండి కొత్తగా ఉన్నప్పుడే, మొదటి నెలలోనే ఇది చేయాలి. ఎందుకంటే అదే మీ కొలబద్ద. తర్వాత ఎప్పుడు కొలిచినా దాంతోనే పోల్చాలి.

ఉదాహరణ చూడండి. కొత్తలో ఒకే చార్జర్ దగ్గర 10 నుంచి 100కి 270 యూనిట్లు పట్టింది. రెండేళ్ల తర్వాత 249 పట్టింది. 249ని 270తో భాగిస్తే 92 శాతం. అంతే లెక్క. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

కానీ మోసపోయే చోట్లు నాలుగున్నాయి.

ఒకటి, ఎండాకాలం చార్జ్ పెడితే కొన్ని యూనిట్లు బ్యాటరీని చల్లబరిచే సిస్టమ్‌కే పోతాయి. అప్పుడు బ్యాటరీ ఎక్కువ పట్టినట్టు కనిపిస్తుంది. అందుకే మే నెలని మే నెలతో, డిసెంబర్‌ని డిసెంబర్‌తో పోల్చండి. మా మామకి నేను చెప్పింది ఇంకా సులువు: ప్రతి ఉగాదికీ ఒకసారి గట్టిగా కొలువు. పచ్చడి తినేసి చార్జ్ పెట్టు.

రెండు, ఎప్పుడూ అదే రకం చార్జర్ దగ్గర కొలవండి. నెమ్మదిగా ఎక్కే ఏసీ చార్జింగ్‌లో కరెంట్‌ని మార్చేది బండిలోని చార్జర్, అక్కడ కొంత వృథా పోతుంది. ఫాస్ట్ డీసీ చార్జింగ్‌లో ఆ పని బయటే జరుగుతుంది. రెండు రసీదులనూ కలిపితే లెక్క తప్పుతుంది.

మూడు, ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీతో ఒక చిక్కుంది. మామూలు బ్యాటరీలో వోల్టేజ్ చూసి ఎంత చార్జ్ ఉందో చెప్పొచ్చు. ఎల్‌ఎఫ్‌పీలో మధ్య భాగమంతా వోల్టేజ్ దాదాపు కదలదు, ఒక్కో సెల్ 3.2, 3.3 వోల్టుల దగ్గరే నిలబడి ఉంటుంది. విశాలంగా పరుచుకున్న చెరువులో గట్టు మీద నిలబడి ఎంత నీళ్లు పోయాయో చెప్పలేం కదా, అట్లా. అడుగున, పైన మాత్రమే స్పష్టంగా తెలుస్తుంది. అందుకే 40 నుంచి 70 దాకా కొలిస్తే నమ్మలేం. కింద నుంచి పై దాకా కొలవాలి. కంపెనీ వాళ్లు "అప్పుడప్పుడు 100 దాకా నింపండి" అనేది కూడా ఇందుకే. బండిలోని కంప్యూటర్ తన లెక్కని అక్కడే సరిచేసుకుంటుంది.

నాలుగు, ఒక్క కొలతను పట్టుకొని భయపడొద్దు. ఈ నెల 92 వచ్చి, వచ్చే నెల 94 రావచ్చు. బ్యాటరీ బాగుపడలేదు, కొలతలో ఊగు అంతే. మూడు, నాలుగు కొలతల సగటు తీసుకోండి. ఏడాది మీద ఎటు పోతోందో చూడండి.

బండిలో ఉండే బీఎంఎస్, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, తనూ ఒక ఎస్‌ఓహెచ్ నంబర్ వేసుకుంటుంది. సర్వీస్‌కి ఇచ్చినప్పుడు ఆ నంబర్ అడిగి రాయించుకోండి. అదీ అంచనానే. మీ కొలత, దాని నంబర్ రెండూ దగ్గరగా ఉంటే నమ్మకం పెరుగుతుంది. దూరంగా ఉంటే అడగడానికి మీ దగ్గర ఒక ప్రశ్న ఉంటుంది. ఇంకో విషయం, కొన్ని కంపెనీలు బ్యాటరీలో కొంత భాగం రిజర్వులో దాచి పెడతాయి. అందుకే మొదట్లో ఏమీ తగ్గనట్టు కనిపించి, తర్వాత ఒక్కసారిగా తగ్గినట్టు అనిపించొచ్చు.

ఒక్కసారి చార్జ్ పెడితే ఎంత దూరం పోయిందో దాంతో మాత్రం కొలవకండి. లోడు, గాలి, టైర్లలో గాలి, డ్రైవర్ కాలు, క్యాబిన్ ఏసీ, ఇన్ని కలిసిన నంబర్ అది. బ్యాటరీ బాగున్నా తగ్గుతుంది.

గీత తిన్నగా గీస్తే మోసం

ఇప్పుడు అసలు లెక్క. ఒక ఏడు కొలిచాం, 4.5 శాతం తగ్గింది అనుకోండి. మామ ఏం చేస్తాడు? "ఏడాదికి నాలుగున్నర, ఐదేండ్లకి ఇరవై రెండున్నర. అంటే 77కి దిగిపోతాది, మునిగిపోతిమి" అంటాడు.

ఆగు మామా. వయసు వల్ల వచ్చే పొర నెమ్మదిస్తుంది అని చెప్పుకున్నాం కదా. ఆ భాగం మామూలుగా ఏళ్ల వర్గమూలం లెక్కన పెరుగుతుంది. ఒక ఏడుకి 3 శాతం పోతే, నాలుగేళ్లకి 12 కాదు, 6. వాడకం భాగం మాత్రం సైకిళ్లతో పాటు తిన్నగా పెరుగుతుంది అనుకుందాం: ఏడాదికి 500 సైకిళ్లు, 1.5 శాతం. ఈ నంబర్లు ఉదాహరణకి నేను వేసుకున్నవి, మీ బండికి మీవి వేసుకోవాలి.

మొదటి ఏడు: 3 ప్లస్ 1.5, అంటే 4.5 తగ్గి 95.5.
రెండో ఏడు: 4.2 ప్లస్ 3, అంటే 7.2 తగ్గి దాదాపు 93.
ఐదో ఏడు: 6.7 ప్లస్ 7.5, అంటే 14.2 తగ్గి దాదాపు 86.

తిన్నటి గీత 77.5 అంది, వంపు గీత దాదాపు 86 అంది. మొదటి ఏడు ఒక్కటే చూస్తే ఈ రెండింటిలో ఏది నిజమో తెలియదు. రెండో ఏడు, మూడో ఏడు కొలిస్తే తెలుస్తుంది. రెండో ఏడు 92, 93 వస్తే వంపు గీత మీదే ఉన్నాం. 89 వస్తే ఎండో, చార్జింగ్ అలవాటో ఏదో తినేస్తోందని అర్థం, అప్పుడే సరిచేసుకోవచ్చు. పెద్ద కంపెనీలు వందల లారీల డేటా సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చేసేది కూడా మూలంలో ఇదే పని: ఒక గీత అనుకోవడం, కొలవడం, గీతని సరిచేయడం.

రెండో వైపు కూడా చెప్పాలి. వంపు గీత ఎప్పటికీ మెల్లగానే పోతుందని లేదు. చాలా పాతబడ్డాక కొన్ని బ్యాటరీలు ఒక్కసారిగా వేగంగా పడిపోతాయి. గ్రాఫ్‌లో అది మోకాలు వంగినట్టు ఉంటుంది. పైగా వందల సెల్స్ వరసగా కలిసి ఉన్నప్పుడు, బలహీనమైన సెల్ ఎంత ఇస్తుందో మొత్తం ప్యాక్ అంతే ఇస్తుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటితే బండి ఆ ఎద్దు నడకే నడుస్తుంది. అందుకే పాత బండి తీసుకునేటప్పుడు సగటు ఎస్‌ఓహెచ్ ఒక్కటే కాదు, సెల్స్ మధ్య వోల్టేజ్ తేడా ఎంతుందో కూడా అడగాలి.

ఒక్కో శాతం ఎంత ఖరీదు?

బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ సగటు బ్యాటరీ ప్యాక్ ధర యూనిట్‌కి 115 డాలర్లు. 300 యూనిట్లకి 34,500 డాలర్లు. డాలర్‌కి 85 రూపాయలు వేసుకుంటే 29 లక్షల పైన. మన దగ్గర పన్నులు, ఇతర ఖర్చులు కలిస్తే ఇంకా ఎక్కువ. తక్కువలో తక్కువ వేసుకున్నా ఒక్కో శాతం 29 వేల రూపాయలు! ఇందాక రెండు గీతల మధ్య తేడా ఎంత? 8 శాతం పైన. అంటే దాదాపు రెండున్నర లక్షలు. కొలత రాసుకున్న నోటుబుక్ లేకపోతే, అమ్మేటప్పుడు కొనేవాడు కింది గీతనే పట్టుకుంటాడు. వాడి తప్పు కాదు, వాడికీ భయమే.

వారంటీ దగ్గర కూడా ఇదే. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ స్కీమ్ 2024 అక్టోబర్ నుంచి నడుస్తోంది. 2025 జులైలో దీని కింద ఎలక్ట్రిక్ లారీలకి ప్రోత్సాహకం ప్రకటించారు, ఒక్కో లారీకి గరిష్ఠంగా 9 లక్షల 60 వేలు. పాత లారీని స్క్రాప్‌కి ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. ఆ స్కీమ్‌లో బ్యాటరీకి కంపెనీ 5 ఏళ్లు లేదా 5 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇవ్వాలని రూల్ పెట్టారు. మోటార్‌కీ, బండికీ అయితే 5 ఏళ్లు లేదా రెండున్నర లక్షలు.

ఇప్పుడు లెక్కేయండి. రోజుకి 200 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 60 వేలు. ఐదేళ్లకి 3 లక్షలే, కాబట్టి వారంటీ ఏళ్ల మీదే అయిపోతుంది. రోజుకి 400 తిరిగితే నాలుగేళ్లు దాటగానే 5 లక్షలు అయిపోతాయి, కిస్తీ మాత్రం ఇంకా మిగిలి ఉండొచ్చు. సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని శాతం కంటే దిగితే బ్యాటరీ మారుస్తారు? ఆ శాతం ఎవరు కొలుస్తారు, ఎలా కొలుస్తారు? నా రికార్డు ఒప్పుకుంటారా? నోటి మాట కాదు, కాగితం మీద రాయించుకోండి.

ప్రపంచం కూడా ఇటే పోతోంది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకి 'బ్యాటరీ పాస్‌పోర్ట్' తప్పనిసరి. అందులో బ్యాటరీ పుట్టుక నుంచి ఆరోగ్యం దాకా డిజిటల్‌గా ఉంటుంది. అది మనదాకా వచ్చేలోపు మన నోటుబుక్కే మన పాస్‌పోర్ట్.

యాడికి ఎండలో పనికొచ్చే అలవాట్లు

మధ్యాహ్నం ఫ్యాక్టరీ యార్డులో లోడు కోసం గంటలు గంటలు నిలబడాల్సి వస్తే, 100 శాతం చార్జ్‌తో నిలబెట్టొద్దు. నిండు చార్జ్, మండే ఎండ, రెండూ కలిస్తేనే పొర జోరుగా పెరుగుతుంది. చార్జింగ్ తెల్లవారుజామున, బయల్దేరే ముందు పూర్తయ్యేటట్టు పెట్టుకోండి. రెండు మూడు రోజులు బండి ఆగిపోతుంటే సగం చార్జ్‌తో నీడలో వదిలేయండి. లోడుతో దూరం నుంచి వచ్చిన వెంటనే ఫాస్ట్ చార్జ్ పెట్టకుండా కాసేపు చల్లారనివ్వండి. కొనేటప్పుడు లిక్విడ్ కూలింగ్ ఉందా, బండి ఆపి ఉన్నప్పుడు, చార్జ్ అవుతున్నప్పుడు కూడా అది పనిచేస్తుందా అని అడగండి.

ఇదంతా విని మామ ఏమన్నాడో చెప్పి ముగిస్తా. "అంటే పదేండ్లు అన్నోడూ కాదు, మూడేండ్లు అన్నోడూ కాదు, రాసుకున్నోడే చెప్పల్ల, అంతే కదప్పా?" అన్నాడు. అంతే మామా. బండి ఇంకా కొనలేదు. కానీ 40 పేజీల నోటుబుక్ ఒకటి ముందే కొన్నాడు, మొదటి పేజీలో గీతలు కొట్టి 'తేదీ, ఎక్కడ నుంచి ఎక్కడికి, యూనిట్లు, కిలోమీటర్లు' అని రాసిపెట్టుకున్నాడు.

మీ ఇంట్లో లారీ లేకపోయినా పర్వాలేదు. మీ ఫోన్ బ్యాటరీ హెల్త్ ఈరోజు ఎంతుందో ఒక చోట రాసుకోండి, ఆరు నెలల తర్వాత మళ్లీ చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో, 80 శాతానికి దిగిన లారీ బ్యాటరీ పొలంలో సోలార్ మోటార్‌కి ఎంతవరకు పనికొస్తుందో మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు ఫ్రెండ్స్, ఎండలో జాగ్రత్త.